ప్రార్థనకు జవాబు రాలేదా? ఒక రిటైర్డు లస్కరు సలహాలు



ధవళేశ్వరం బ్యారేజీ మీద ముప్పై రెండేళ్లు లస్కరుగా చేసి దిగిపోయాను. మొత్తం గేట్లు 175. మా ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. గేట్ల లెక్కతో ఎందుకు మొదలెట్టానంటే, ప్రార్థన మీద సలహా చెప్పేవాడికి ముందు లెక్క తెలియాలి. లెక్క తెలియకే కదా మన విశ్వాసులు ఏళ్లకేళ్లు మోకాళ్లు అరగదీసుకుంటున్నారు!

మా సంఘంలో నేను పెద్దని. ప్రార్థన చీటీల పెట్టె తాళం నా మొలతాడుకే ఉంటుంది. ఆదివారం ఆరాధనయ్యాక పెట్టె తెరిచి, చీటీలు విడదీసి, పాస్టరు అయ్యగారి చేతిలో పెట్టేది నేనే. కువైట్ వీసా, కిడ్నీలో రాళ్లు, ఆడపిల్ల సంబంధం, మగపిల్లాడి తాగుడు, గ్రూప్ టూ పరీక్ష. ఎవరి అర్జీ ఎన్నేళ్లుగా పెండింగులో ఉందో పరలోకంలో దేవుడికి తెలుసు, ధవళేశ్వరంలో నాకు తెలుసు. ఆ అనుభవంతోనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కొత్త సంవత్సరం కూడికలో కరపత్రంగా పంచుదామని ఉద్దేశం. అయ్యగారు ఒకసారి చూస్తానని తీసుకున్నారు. మూడు నెలలైంది, ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే.

ముందుగా, అర్జీ సరిగ్గా పెట్టడం నేర్చుకోండి. "నీ చిత్తం ప్రభువా" అని చివర్లో తగిలించకండి. ఆఫీసులో "మీ ఇష్టం సార్" అని రాసిచ్చిన కాగితం మీద ఎవడైనా సంతకం పెడతాడా? గెత్సేమనే తోటలో ప్రభువు కూడా అలాగే అన్నారు కదండీ అని మా యవ్వనస్థుల కూడికలో ఓ కుర్రాడు లేచాడు. అన్నారు, నిజమే. ఏమైంది? తెల్లారితే శుక్రవారం. అందుకే ఆ తోట జోలికి వెళ్లొద్దంటాను. తేదీ వెయ్యండి, కొలతలు వెయ్యండి. మా వీధిలో ఒకాయన పదేళ్లపాటు ఇంటి కోసం ప్రార్థించాడు, ఎంత జాగా అన్నది మాత్రం చెప్పలేదు. సెంటున్నర వచ్చింది. ఇప్పుడు మంచం వేస్తే తలుపు తెరుచుకోదు.

పౌలు గారు తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు అడిగి మానేశారు. నాలుగోసారి అడగాల్సింది.

డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డుల బుట్ట మీ దగ్గరికొస్తే మొదటిది తీసి చదవండి. శ్రమ, సహనం, నిట్టూర్పు లాంటి మాటలు ఉంటే చీకట్లో వెనక్కి పెట్టేసి ఇంకోటి తీసుకోండి. నేను నాలుగు దాకా మార్చిన సంవత్సరాలు ఉన్నాయి. ఆరోగ్యమో ఆశీర్వాదమో తగిలేదాకా చెయ్యి బుట్టలోనే ఉండాలి. విశ్వాసం అంటే అదే.

పని కాకముందే సాక్ష్యం చెప్పెయ్యండి. "వచ్చే నెల మా అబ్బాయికి ఉద్యోగం ఇచ్చిన దేవునికి స్తోత్రం" అని మైకులో అనేస్తే ఇక ఆయన మాట పోకూడదు కదా, ఇచ్చి తీరతాడు. ఇవ్వకపోతే? ఇంకో సంఘానికి మారండి. రాజమండ్రికీ కడియానికీ మధ్య సంఘాలకేం కొదవ.

సాక్ష్యం అన్నాను కనక ఒక జాగ్రత్త చెప్పాలి. ఎప్పుడూ అవతలి గట్టు సంగతి ఎత్తకండి.

1986 ఆగస్టులో నేను ఉద్యోగానికి కొత్త. మూడో ప్రమాద హెచ్చరిక వేసేది 17.75 అడుగులకి. నీళ్లు దాన్ని ఎప్పుడో మింగేశాయి. 35 లక్షల క్యూసెక్కులంటే ఏమిటో కాగితం మీద చదివితే తెలియదు, కాళ్ల కింద బ్యారేజీ సన్నగా వణుకుతుంటే తెలుస్తుంది. గేట్లన్నీ ఎత్తేశాక లస్కరుకి ఇంకేం పనుంటుంది? నన్ను దిగువకి గట్టు కాపలాకి పంపారు. ఊరంతా గట్టు మీదే ఉంది. ఇసుక బస్తాలు, తాటాకులు, టార్చిలైట్లు, వానలో ఆరిపోతున్న లాంతర్లు. నీళ్లు గట్టు అంచుకి జానెడు కిందికి వచ్చేశాయి. మావాళ్లు ఓ ఇరవైమంది మోకాళ్ల మీద పడ్డారు. గట్టు తెగకూడదు ప్రభువా, ఇంతే ప్రార్థన. తెల్లవారుజామున నీళ్లు ఒక్కసారి బెత్తెడు తగ్గాయి. ఇంకో బెత్తెడు తగ్గాయి. గట్టంతా స్తోత్రాలు. ఆ సాక్ష్యం నేను ఇప్పటికి ఎన్ని కూటాల్లో చెప్పానో లెక్కలేదు.

గోదారి గట్ల మీద పుట్టినవాడికి నీళ్లు ఎందుకు తగ్గుతాయో చెప్పక్కర్లేదు. ఇవతల తగ్గాయంటే అవతల ఎక్కడో గండి పడిందన్నమాట. అవతలి ఒడ్డున కూడా రాత్రంతా లాంతర్లు వరసగా కనపడ్డాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా పాట వినపడేది. మేం పాడుతున్న కీర్తనే. అదే ప్రార్థన, అదే దేవుడు, అదే గోదారి. తెల్లవారుజామున చూస్తే ఆ లాంతర్లు లేవు.

సాక్ష్యంలో లాంతర్ల దాకా నేనెప్పుడూ రాలేదు. వస్తే కూడిక చల్లబడిపోతుంది. మీరూ రాకండి. (మా సంఘంలో ముందు బెంచీలో ఇటుక బట్టీ ఆయన, రెండో బెంచీలో నారుమడి పోసిన ఆయన కూర్చుంటారు. వానల సంగతి వచ్చినప్పుడు ఇద్దరి చీటీలూ ఒకే చెయ్యి మీద పట్టుకుని అయ్యగారు కాసేపు అలా నిలబడిపోతారు. ఆయన ఇబ్బంది చూడలేక ఒకటి నేనే తీసేస్తుంటాను. ఎవరిది తీస్తానన్నది ఆ నెల కానుకల పుస్తకం చూసి.)

చరిత్ర చదవకండి. మనసు పాడవుతుంది. 1836లో ఇంగ్లండులో డెవన్ ప్రాంతం, బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అని ఇద్దరు, తమ తమ భార్యలతో సహా ఓడెక్కి మన డెల్టాకి వచ్చారు. వెంటబెట్టుకొచ్చినాయన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. వెనకాల నెలజీతం పంపే మిషను బోర్డు లేదు. అడగాల్సింది దేవుణ్ణే అనేది వాళ్ల పద్ధతి. నరసాపురంలో, పాలకొల్లులో ఎండకి మాడి, జ్వరాలు పడి, తెలుగు నేర్చుకుని, ఊరూరూ తిరిగి చెప్పారు. ప్రార్థించారు. ఏళ్లు గడిచినా చూపించుకోడానికి ఫలితమంటూ లేదు. నా పెట్టెలో ఆ చీటీ పడుంటే రెండో ఏడాదికే తీసి చించేసేవాణ్ణి.

అదలా ఉండగా 1847లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట మొదలెట్టాడు. ఇక్కడి కొండ తొలిచి రాయి కొట్టడానికీ మొయ్యడానికీ వేలమంది కూలీలు ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చిపడ్డారు. బౌడెన్ తట్టాబుట్టా సర్దుకుని ఆ కూలీల మధ్యకి వచ్చి కూర్చున్నాడు. ఊళ్లోకి వెళ్లి చెబితే చెవిన పెట్టని మాటని రాతిదుమ్ములో కూర్చుని విన్నారు. పని తీరాక ఎవరి పల్లెకి వాళ్లు పోతూ ఆ మాటని మూట కట్టుకుపోయారు. నాకిది మింగుడు పడదండి. ఆనకట్ట కట్టించమని సువార్తికుల చీటీలో ఎవరు రాస్తారు? ఆత్మల కోసం పెట్టిన అర్జీకి జవాబు ఇరిగేషన్ శాఖ ద్వారా రావడమేమిటి? రూటు తప్పిన ఫైలు అది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంకా గందరగోళం. 1833 కరువులో ఈ గోదారి పక్కనే నీళ్లు సముద్రంలోకి పోతుంటే చూస్తూ జనం చచ్చిపోయారు. 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ఊడ్చేసింది. వాళ్లంతా ఎవరికి దండం పెట్టినా, పెట్టే ఉంటారు. ఆనకట్ట పూర్తయింది 1852లో. మధ్యలో కాటన్ దొరే జబ్బుపడి సెలవు మీద పోతే ఓర్ అనే ఆయన పని నడిపించాడు. అడిగినవాడు మట్టిలో కలిసిపోయాక వాడి మనవడి చేలోకి నీళ్లొస్తే దాన్ని జవాబంటారా? నేనైతే అనను. మా తాత చేలోకి వచ్చిన నీళ్లు కూడా అవే, అది వేరే సంగతి.

ఒంగోలు వాళ్ల కథ మరీ అన్యాయం. అమెరికన్ బాప్టిస్టులు ముందు నెల్లూరులో పనిచేశారు. ఫలితం లేదు, మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. మూసెయ్యాల్సింది. వినకుండా 1854 జనవరి 1 తెల్లవారుజామున జూవెట్ అనే ఆయన, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండని ఇప్పటికీ ప్రార్థన కొండ అనే అంటారు. దిగొచ్చాక ఆ వారం ఏం జరిగింది? ఏమీ లేదు. ఆ ఏడాది? ఏమీ లేదు. ఆ మిషను తరఫున క్లౌ అనే దొర ఒంగోలు వచ్చిందే 1866లో. తరవాత 1876 నుంచి కరువు. బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు క్లౌ తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకి పని చూపించాడు. ఇక్కడాయన చేసిన తప్పు వినండి. జనం బాప్తిస్మం ఇమ్మని వస్తుంటే కరువు పని సాగినంతకాలం ఇవ్వలేదట! కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఇంతకాలం అడిగి అడిగి, తీరా జవాబు గుమ్మంలోకి వస్తే తలుపేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూళ్లేదు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఇరవై నాలుగేళ్లు పట్టింది. మా సంఘంలో ఇరవై నాలుగు రోజులు దాటితే ప్రార్థన నూనె సీసా మారుస్తాం.

ఇందాకటి గ్రోవ్స్ గారి బావగారు జార్జ్ ముల్లర్. బ్రిస్టల్లో అనాథ పిల్లల్ని ప్రార్థన మీదే పోషించాడని పేరు. ఈయన 1844లో ఐదుగురి మార్పు కోసం ప్రార్థన మొదలెట్టి, వాళ్లలో ఇద్దరి కోసం దశాబ్దాల తరబడి అడుగుతూనే ఉన్నాడు. అడిగినవన్నీ ఇచ్చారని పుస్తకాలు అమ్ముడుపోయే మనిషికే ఇద్దరు పెండింగు! ఈ ముక్క మాత్రం మా సంఘంలో ఎవరికీ చెప్పకండి.

మన పక్కనే జేగురుపాడులో పుట్టిన దేవదాసు అయ్యగారు, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ఆరంభించినాయన, అడగడం ఆపి సన్నిధిలో మౌనంగా కనిపెట్టుకుని కూర్చోమనేవారు. పెద్దాయన మీద గౌరవం ఉంది కానీ, ఊరకే కూర్చుంటే గేటు లేస్తుందా? రాత్రి డ్యూటీల్లో నేనూ ఒక్కణ్ణే కూర్చున్నాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రాత్రులు ఎందుకో బాగుండేవి.

ఇంత చేసినా జవాబు రాకపోతే అప్పుడు అసలు మందు వాడాలి. తప్పు అడిగినవాళ్ల మీద వెయ్యాలి. పాపం దాచావు. దశమభాగం తగ్గించావు. మీ అత్తింటివాళ్లు ఇంకా జనార్దనస్వామి కొండెక్కుతున్నారు. నీ విశ్వాసంలో ఎక్కడో చిల్లి ఉంది. ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే చిల్లి లేని విశ్వాసం ఎవరికీ ఉండదు, వెతికితే దొరుకుతుంది.

ఉద్యోగంలో మాత్రం ఈ కిటుకు నేను వాడలేదు. దాళ్వాకి వంతులవారీ పెట్టినప్పుడు శివారు రైతులు సైకిళ్లేసుకుని వచ్చేవాళ్లు. నీళ్లేవి రా, చేలు బీటలు తీశాయి, కాలువ ఎండిపోయింది అని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. "పైన నీళ్లు లేవు బాబూ, మీ వంతు రావాలి, నా చేతిలో లేదు" అని ఉన్నమాట చెప్పేవాణ్ణి. టీ ఇప్పించేవాణ్ణి. నీళ్లు రాకపోవడం నీ చేను చేసుకున్న పాపం అని ఒక్కడితో కూడా అనలేదు. అంటే కర్ర తీసేవాళ్లు. సంఘంలో ఆ భయం లేదు. అందరూ తలొంచుకునే ఉంటారు.

యోబు గారి ముగ్గురు స్నేహితులు మనకి ఆదర్శం. వాళ్లు చేసిన పొరపాటు ఒక్కటే. ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేలమీద ఆయన పక్కన మాట్లాడకుండా కూర్చుని కాలం వృథా చేశారు. తరవాత నోరు విప్పాక చూడండి, అధ్యాయాలకి అధ్యాయాలు, ఎంత బాగా చెప్పారో! చివరి అధ్యాయం మాత్రం చదవకండి, అక్కడ దేవుడు వాళ్లనే కోప్పడతాడు, అరిచి గోలచేసిన యోబుదే సరైన మాటంటాడు. అలాగే కీర్తనల్లో 88వది వదిలెయ్యండి. మిగతావాటిలో ఎంత ఏడ్చినా చివరికి ఎక్కడో కాస్త తెల్లారుతుంది, అది మాత్రం చీకట్లోనే ఆగిపోతుంది. చివరి పేజీ ఊడిపోయి ఉంటుందని నా అనుమానం.

నా సలహా ఒకేఒక్కసారి ఎదురు తిరిగింది. అదీ చెప్పేస్తాను, మీరు జాగ్రత్తపడతారు.

మా లాకుల వీధిలో ఒక చెల్లెమ్మ ఉంది. వరసకి చెల్లెలు, సంఘంలో అయిన వరస. పులస సీజన్లో ఎర్రనీళ్లు పడ్డాక ఆమె కొడుకు ఇంకో కుర్రాడితో కలిసి బ్యారేజీ దిగువన వల వెయ్యడానికి వెళ్లాడు. పుస్తెలమ్మైనా పులస తినాలని తినేవాళ్లు చెప్పుకుంటారు. పట్టేవాడి ఇంట్లో పుస్తెల సంగతి ఎవరు చూస్తారు? నావ తిరగబడింది. రెండోవాడు ఒడ్డున పడ్డాడు. మూడు రోజులు వెతికారు. ఆ మూడు రోజులూ ఆమె రేవులోంచి లేవలేదు, ప్రాణాలతో రావాలని అడుగుతూనే ఉంది. సంఘమంతా ఉపవాసం ఉంది. మూడో రోజు సాయంత్రం దొరికాడు.

ఆదరణ కూడికలో సంఘ పెద్దగా నేను నాలుగు మాటలు చెప్పాను. మన లెక్కలో ఉన్నవే. దేవుడికి ఇష్టమైన పువ్వుని ఆయనే కోసుకుంటాడన్నాను. ఏ మేలుకో ఇదన్నాను. మనం ఇంకా గట్టిగా నమ్మి ఉండాల్సిందేమో, పరీక్షించుకుందామన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. కూడికయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది. ఏడవడం లేదు.

"అన్నయ్యగారూ, ఆ పొద్దున గేట్లెత్తింది మీరేనా?"

డ్యూటీ నాదే. ఎగువ నుంచి నీళ్లొస్తున్నాయి, ఎత్తమని ఆర్డరొచ్చింది. సైరను మోగించాకే ఎత్తాం. పుస్తకంలో టైము రాసి ఉంది. ఎత్తకపోతే పైన వేరే ఊళ్లు మునుగుతాయి. ఇదంతా చెప్పాను.

"మిమ్మల్ని అనడం లేదన్నయ్యగారూ. మీరేనా అని అడుగుతున్నాను, అంతే."

"నేనేనమ్మా" అన్నాను.

ఆమె తలూపి వెళ్లి జంబుఖానా మడతపెట్టింది.

కాబట్టి బాధలో ఉన్నవాళ్లని ప్రశ్నలు అడగనివ్వకండి. ముందే మైకు అందుకోండి.

ఆ మధ్య 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం అని సాగు మానేసినట్టు ప్రార్థన విరామం ప్రకటించమని కూడా సలహా రాద్దామనుకున్నాను. ఆమె ఆ పని చేస్తుందనే అనుకున్నాను, నాకేమీ తప్పనిపించేది కాదు. కానీ మరుసటి ఆదివారం ఆమె వచ్చింది. తన చోట్లోనే కూర్చుంది. పాటలు పాడలేదు. కానుకల సంచి పక్కకి నెట్టేసింది. వెళ్తూ వెళ్తూ పెట్టెలో ఒక చీటీ వేసింది.

విప్పి చూస్తే ఖాళీ. నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం, ఒక్క అక్షరం లేదు. కళ్లజోడు మార్చి చూశాను. పొరపాటున వేసిందనుకున్నాను. తరవాతి వారం మళ్లీ వేసింది. ఆ పై వారం మళ్లీ. తేదీ లేదు, కొలత లేదు, ఏం కావాలో లేదు. వద్దన్నట్టూ లేదు. ఏ ఖాతాలో వెయ్యాలో తెలియక అయ్యగారికి చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు పట్టుకుని, మిగతా చీటీలన్నిటికీ పైన పెట్టారు. సలహా మాత్రం ఏమీ చెప్పలేదు. పాత బిస్కెట్టు డబ్బాలో దాచుతున్నాను. లెక్క రాయడం అలవాటు కదా, మొన్నటికి నలభై ఏడు.

నిన్న ఆదివారం పెట్టె తెరిస్తే ఖాళీవి రెండున్నాయి. ఒకటి ఆమెది, రూళ్ల కాగితం. రెండోది బ్యారేజీ లాగు పుస్తకంలోంచి చింపిన పాత పేజీ, వెనకవైపు తెలుపు. ఎవరిదా అని అయ్యగారు నావంక చూశారు. నేను తాళం మొలతాడుకి దోపుకుని, బెంచీలు సర్దాలని లేచిపోయాను.